బండి ఆపి స్టార్ట్ చేస్తే డ్రైవ్ మోడ్ మళ్లీ మొదటికొస్తోంది. గుర్తుపెట్టుకునేలా చేయొచ్చా?

శ్రీకర్, కూకట్‌పల్లి
అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడివన్నీ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మాది 2023లో కొన్న టర్బో పెట్రోల్ ఆటోమేటిక్. నార్మల్, స్పోర్ట్, కస్టమ్, ఎకో అని నాలుగు మోడ్‌లున్నాయి. కస్టమ్‌లో స్టీరింగ్ ‘లైట్’, ఇంజన్ ‘నార్మల్’ పెట్టుకున్నాం. ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే చాలు, బండి నార్మల్‌లోనే లేస్తుంది. కస్టమ్‌కి రావాలంటే గేర్ లివర్ వెనకున్న బటన్ రెండుసార్లు నొక్కాలి, మధ్యలో స్పోర్ట్ దాటుకుని.

బండి ఎక్కువగా నడిపేది మా నాన్న. వయసు 69. ఆర్టీసీలో 31 ఏళ్లు డ్రైవర్‌గా చేశారు. కుడి భుజం పట్టేసి ఏడాది అవుతోంది. డాక్టర్ నడపొద్దనలేదు, స్టీరింగ్ తేలిగ్గా ఉండేలా చూసుకోమన్నారు. అందుకే ఆ లైట్ సెట్టింగ్. పొద్దున పాపని స్కూల్లో దింపడం, రైతుబజారు, మందుల షాపు, మధ్యాహ్నం మళ్లీ స్కూలు. రోజుకి ఆరేడుసార్లు ఇంజన్ ఆపి తీస్తారు. ప్రతిసారీ గుర్తుంచుకుని నొక్కాలి.

మొన్న మా సందులో రివర్స్ తీస్తుంటే బాల్కనీ నుంచి చూశాను. మోడ్ మార్చడం మర్చిపోయారు. స్టీరింగ్ సగం తిప్పి ఆపేశారు. ఎడమచేత్తో కుడి మోచేతిని కాసేపు పట్టుకుని కూర్చున్నారు. మిగతా సగం ఎడమచేత్తోనే తిప్పారు. ఇంట్లోకి వచ్చాక అడిగితే ‘ఏం లేదురా’ అన్నారు.

షోరూమ్‌లో అడిగాను. డిజైనే అంత, ఏం చేయలేం అన్నారు. నిజంగా దారి లేదా?

రమేష్, నల్గొండ
శ్రీకర్ గారూ, నొప్పి సంగతి అర్థమైంది. అయినా రెండుసార్లు బటన్ నొక్కడమే కదా. రెండు మూడు నెలల్లో చేతికి అలవాటైపోతుంది. దీనికోసం కొత్త బండి వైర్లు కదిలించడం నాకైతే సమ్మతం కాదు.

శ్రీకర్, కూకట్‌పల్లి
అలవాటయ్యాకే ఎక్కువ మర్చిపోతున్నారు రమేష్ గారూ. నొక్కానో లేదో గుర్తుండటం లేదు. నొక్కేసి ఉండి మళ్లీ నొక్కితే ఎకోలోకి పోతోంది. స్క్రీన్ కేసి చూసి సరిచూసుకోవాలంటే చూపు రోడ్డు మీద నుంచి తిప్పాలి. స్కూలు దగ్గర అది నాకు నచ్చడం లేదు. వైర్లు కదిలించకుండా అయ్యే దారి ఉంటే అదే ముందు.

కిరణ్, స్టుట్‌గార్ట్
మీ షోరూమ్‌వాళ్లు కారణం చెప్పలేదు కాబట్టి నాకు తెలిసింది రాస్తాను. ఎమిషన్ టెస్టింగ్ పనిలోనే ఉంటాను.

ఇక్కడ యూరప్‌లో కార్ల మైలేజీ, సీఓ2 లెక్కలు డబ్ల్యూఎల్‌టీపీ పద్ధతిలో కొలుస్తారు. 2017 సెప్టెంబరులో కొత్త మోడళ్లకి, 2018 సెప్టెంబరు నుంచి అమ్మే ప్రతి కొత్త కారుకీ వచ్చింది. అందులో ‘ప్రెడామినెంట్ మోడ్’ అని ఒక మాట ఉంది. బండి ఆపే ముందు ఏ మోడ్‌లో ఉన్నా సరే, మళ్లీ ఆన్ చేస్తే ఎప్పుడూ అదే ఒక్క మోడ్‌లో మొదలవ్వాలి. దాన్ని ఇంకో మోడ్‌కి మార్చుకునే వీలు నడిపేవాళ్లకి ఉండకూడదు. అలాంటి మోడ్ బండిలో ఉంటే పరీక్ష ఆ మోడ్‌లో చేస్తే సరిపోతుంది. లేకపోతే అన్నిటికంటే తక్కువ తాగే మోడ్‌లోనూ, ఎక్కువ తాగే మోడ్‌లోనూ రెండింటిలో పరీక్షించి సీఓ2 సగటు తీస్తారు. స్పోర్ట్ మోడ్ లెక్కలోకి వచ్చిందంటే అంకె పెరుగుతుంది. బండి మీ ఇష్టాన్ని గుర్తుపెట్టుకుంటే కంపెనీకి కాగితం మీద నష్టమన్నమాట.

ఇండియాలో పరీక్ష వేరు. ఎంఐడీసీ అనే అక్కడి పరీక్ష పద్ధతిలో గరిష్ఠ వేగం గంటకి 90 కిలోమీటర్లే. కానీ 2022 నుంచి అక్కడా కంపెనీ మొత్తం అమ్మకాల మీద సగటున కిలోమీటరుకి 113 గ్రాముల సీఓ2 లెక్క ఉంది కాబట్టి ఆ ఒత్తిడి అక్కడి కంపెనీలకీ ఉంటుంది.

రెండో కారణం భద్రత. కొన్ని స్పోర్ట్ మోడ్‌లు ఈఎస్‌సీని, అంటే బండి జారి అదుపు తప్పకుండా చూసే ఏర్పాటుని, కొంచెం వదులు చేస్తాయి. ఈఎస్‌సీ ఆఫ్ చేసినా ఇగ్నిషన్ మళ్లీ వేయగానే పూర్తిగా ఆన్ కావాలని అంతర్జాతీయ నిబంధనే ఉంది, జీటీఆర్ 8. అది ఉండి తీరాలి, దాన్ని తప్పించమని నేను ఎవరికీ చెప్పను. మీరడిగేది స్టీరింగ్ గురించి. అది వేరే సంగతి, దానికి దారి వెతకడంలో తప్పు లేదు.

లలిత, వైజాగ్
నాది ఎదురు అనుభవం, అందుకే రాస్తున్నాను. మా బండి ఆఖరి మోడ్‌ని గుర్తుపెట్టుకుంటుంది. మా అబ్బాయి రాత్రి స్పోర్ట్‌లో తిప్పి అలాగే పెట్టి పడుకున్నాడు. పొద్దున వాన. నేను చూసుకోకుండా తీశాను. సిగ్నల్ దగ్గర మామూలుగా తొక్కినట్టే తొక్కాను, ఒక్కసారిగా ముందుకి దూకింది. ముందున్న ఆటోకి బంపర్ జానెడు దూరంలో ఆగింది. ఆ రోజంతా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

బండి మర్చిపోవడమే మేలని అప్పటి నుంచి నా అభిప్రాయం. మీ ఇంట్లో ఇద్దరు నడుపుతారు కదా శ్రీకర్, మీరు స్పోర్ట్‌లో వదిలేసిన రోజు నాన్నగారి సంగతేంటి?

శ్రీకర్, కూకట్‌పల్లి
లలిత గారూ, ఇది నాకు తట్టలేదు. వారాంతాల్లో ఔటర్ మీద స్పోర్ట్ పెడతాను నేను.

బాషా, ఆటోనగర్, విజయవాడ
లలితమ్మ చెప్పిన దాంట్లోనే మందుంది తమ్ముడూ. జనం ‘గుర్తుపెట్టుకోవాలి’ అని ఒకే మాట అంటారు గానీ అందులో రెండు పనులున్నాయి. ఒకటి, ఆఖరిసారి ఎక్కడ వదిలితే అక్కడే లేవడం. రెండోది, ఎవరెలా వదిలినా రోజూ ఒకే చోట లేవడం. నీకు కావాల్సింది రెండోది. నాన్న కస్టమ్‌లోనే లేవాలి, నువ్వు రాత్రి ఏం చేసినా సరే. మొదటిది చేయించావంటే లలితమ్మకి జరిగిందే మీ ఇంట్లోనూ జరుగుతుంది.

ఇరవై రెండేళ్లుగా ఆటో ఎలక్ట్రికల్ పనే చేస్తున్నాను. నా దగ్గరికి ఇలాంటివి వస్తే ముందు రెండు ప్రశ్నలు అడుగుతాను. నువ్వూ చూసి చెప్పు.

మొదటి నొక్కుడికే మోడ్ మారుతుందా, లేక స్క్రీన్ మీద మోడ్‌ల బొమ్మ వచ్చి, రెండో నొక్కుడికి మారుతుందా? చాలా బండ్లలో మొదటి నొక్కుడు ఉత్త బొమ్మకే పోతుంది.

మీ బండిలో తాళం చెవికో, ఫోన్‌కో కట్టిన డ్రైవర్ ప్రొఫైల్ ఉందా? ఉంటే నాన్న ప్రొఫైల్ పెట్టి, అందులో స్టీరింగ్ సెట్టింగ్ విడిగా ఉందేమో చూడు. కొన్నిటిలో మోడ్ గుర్తుండదు గానీ స్టీరింగ్ బరువు ఒక్కటీ ప్రొఫైల్‌లో నిలబడుతుంది. పైసా ఖర్చు లేని దారి అది.

శ్రీకర్, కూకట్‌పల్లి
ఇప్పుడే కిందికెళ్లి చూశాను బాషా అన్నా. మొదటి నొక్కుడికే మారుతోంది. ప్రొఫైల్ ఉంది కానీ అందులో సీటు, అద్దాలు, రేడియో స్టేషన్లు మాత్రమే. స్టీరింగ్ లేదు.

వంశీ, మాదాపూర్
కోడింగ్ సంగతి, అంటే బండి కంప్యూటర్‌లో సెట్టింగ్ మార్చి రాయడం, ఎవరూ ఎత్తలేదు. నా స్కోడా ఆక్టేవియాకి, మా బావ బీఎండబ్ల్యూకి నేనే చేశాను. దానికి వాడే సాఫ్ట్‌వేర్లు, స్కోడాతో కలిపి ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్ బండ్లకి వీసీడీఎస్, ఓబీడీఎలెవెన్, బీఎండబ్ల్యూకి బిమ్మర్‌కోడ్. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్ట్‌లో (మెకానిక్‌లు బండిని పరీక్షించే సాకెట్) చిన్న డాంగిల్ పెట్టి, ఫోన్‌లో యాప్ (వీసీడీఎస్ అయితే మామూలుగా ల్యాప్‌టాప్‌లో) తెరిచి, ఆ పని చూసే కంట్రోల్ యూనిట్‌లో ఒక విలువ మార్చాలి. వైరు తెంపే పని లేదు.

మీ బండి ఆ రెండిట్లో ఏదీ కాకపోతే ఈ దారి చాలావరకు మూసుకుపోయినట్టే. ఎవరో ఊరూపేరూ లేని యాప్‌తో రాయించకండి. మొదలుపెట్టే ముందు పాత విలువని ఫొటో తీసుకోవాలి. బ్యాటరీ నిండుగా ఉండాలి, రాస్తుండగా వోల్టేజీ పడిపోతే యూనిట్ చచ్చిపోయే ప్రమాదముంది. పనయ్యాక డాంగిల్ పీకేయాలి, అలాగే వదిలేస్తే నిద్రపోవాల్సిన కంప్యూటర్లని లేపి ఉంచి బ్యాటరీని తాగేస్తుంది. షోరూమ్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే మీరు రాసిందంతా చెరిగిపోవచ్చు, మళ్లీ రాసుకోవాలి.

రమేష్, నల్గొండ
వంశీ, మధ్యలో అడుగుతున్నాను, ఏమనుకోకు. సిగ్నల్ దగ్గర ఇంజన్ తనంతట తనే ఆగిపోయే ఆటో స్టార్ట్-స్టాప్ కూడా ఇలాగే ప్రతిసారీ ఆన్ అవుతుంది. దానికీ కోడింగ్ ఉందా? అది మాత్రం నాకు నిజంగా చిరాకు.

వంశీ, మాదాపూర్
ఉంది అన్నా. బీఎండబ్ల్యూలో ఆఖరి స్థితిని గుర్తుపెట్టుకునే ఆప్షనే ఉంది. ఎంక్యూబీ అనే ప్లాట్‌ఫాం మీద కట్టిన ఫోక్స్‌వ్యాగన్‌లలో జనం వాడే కిటుకు వేరు. గేట్‌వేలో, అంటే బండి కంప్యూటర్లన్నిటినీ కలిపే యూనిట్‌లో, స్టార్ట్-స్టాప్‌కి కనీస వోల్టేజీ 7.6 అని ఉంటుంది, దాన్ని 12 చేస్తారు. ఇంజన్ ఆపితే మళ్లీ లేపేంత శక్తి బ్యాటరీలో లేదేమో అని బండి అనుకుంటుంది. ఇక ఆపదు. మిగతా ఏదీ మారదు.

సుధ, డాలస్
ఇక్కడ పికప్‌లకి ఇంకో రకం. వెనక ట్రైలర్ తగిలించే సాకెట్‌లో చిన్న ప్లగ్ పెడతారు. ట్రైలర్ లాగుతున్నాననుకుని బండి స్టార్ట్-స్టాప్ ఆపేస్తుంది. మా పక్కింటాయన అలాగే పెట్టుకున్నారు. ట్రైలర్ ఉందనుకుంది కాబట్టి వెనక పార్కింగ్ సెన్సర్లూ ఆగిపోయాయి. పిల్లలు ఆడుకునే వీధి మాది. విషయం తెలిసిన రోజే తీసేశారు. బండిని నమ్మించే ఏ పనైనా, అది ఇంకేం నమ్ముతుందో కూడా చూసుకోవాలి.

కిరణ్, స్టుట్‌గార్ట్
సుధ గారి మాట చాలా ముఖ్యం. ఇక్కడ 2024 జులై నుంచి అమ్మే ప్రతి కొత్త కారులో స్పీడ్ లిమిట్ హెచ్చరించే ఐఎస్‌ఏ తప్పనిసరి. ఆపేసినా మళ్లీ స్టార్ట్ చేయగానే ఆన్ కావాలన్నది చట్టమే. రోజూ పొద్దున దాన్ని ఆపుకునేవాళ్లు నా ఆఫీసులోనే సగం మంది. అయినా దాన్ని తనంతట తనే ఆపేసే పరికరం పెట్టుకోమని నేను చెప్పలేను. శ్రీకర్, మీది ఆ కోవలోకి రాదు. స్టీరింగ్ తేలికవడం వల్ల ఎవరి భద్రతా తగ్గదు, పైగా మీ నాన్నగారి విషయంలో పెరుగుతుంది.

బాషా, ఆటోనగర్, విజయవాడ
కోడింగ్ లేకపోతే మిగిలింది మెమరీ మాడ్యూల్. అగ్గిపెట్టెంత ఉంటుంది. అదెలా పనిచేస్తుందో చెబితే భయం పోతుంది.

మోడ్ బటన్ అనేది ఇంజన్‌కి నేరుగా కలిపిన స్విచ్ కాదు. చాలా బండ్లలో నొక్కినప్పుడు ఒక రెసిస్టెన్స్ ద్వారా లైను ఎర్త్‌కి తగులుతుంది. ఆ లైను వోల్టేజీ పడిపోవడం చూసి బాడీ కంప్యూటర్ ‘బటన్ నొక్కారు’ అనుకుంటుంది. అక్కడి నుంచి కాన్ లైన్ (బండిలోని కంప్యూటర్లు మాట్లాడుకునే వైర్లు) మీద ఇంజన్‌కి, గేర్‌బాక్స్‌కి, స్టీరింగ్ మోటారుకి కబురు పోతుంది. మాడ్యూల్ బటన్‌కీ కంప్యూటర్‌కీ మధ్య కూర్చుని, ఇంజన్ స్టార్ట్ అయ్యాక కొన్ని సెకన్లు ఆగి, నీ బదులు అదే నొక్కుతుంది. అంతే. కంప్యూటర్లలో ఏదీ మారదు, కాన్ లైన్‌ని ముట్టుకోదు.

జాగ్రత్తలు చెబుతా విను. వైరు గీకి చుట్టి టేపు వేసే జాయింట్ ఎవడైనా వేస్తానంటే బండి ఎక్కి వచ్చేయ్. రెండేళ్లకి అది నల్లబడి బటనే పనిచేయదు, వారంటీ అడిగితే ఆ టేపు చూపించి పొమ్మంటారు. నీ బటన్ కప్లర్‌కి (వైర్లు కలిపే ప్లగ్) సరిపోయే మగ, ఆడ కప్లర్లు రెండూ ఉన్న మాడ్యూలే తీసుకో. పాత కప్లర్ ఊడదీసి మధ్యలో ఇది పెట్టడమే. కరెంటు ఇగ్నిషన్ లైన్ నుంచే తీసుకోవాలి, బ్యాటరీ డైరెక్ట్ లైన్ నుంచి కాదు. మోడ్ ఎంచుకునే పద్ధతి ‘ఆఖరిది’ కాకుండా ‘ఎప్పుడూ ఇదే’ అని పెట్టే వీలుండాలి. ఇంకొకటి, నాన్న చేతికి అందే చోట పెట్టించు. ఏదన్నా తేడా వస్తే ఆయనే పీకి పాత కప్లర్ కలుపుకోగలగాలి. సందేహముంటే మల్టీమీటర్‌తో బటన్ కొలతలు తీసి ఇక్కడ రాయి, చూసి చెబుతా.

శ్రీకర్, కూకట్‌పల్లి
కొలతలు బాషా అన్నకి పంపాను, ఇప్పుడు మాడ్యూల్ కోసం ఎదురుచూస్తున్నాం. ఈలోగా ఒక మాట. అమ్మ తన స్టిక్కర్ బొట్టు ఒకటి, చుట్టూ మెరుపు పూసలున్నది, మోడ్ బటన్ మీద అంటించింది. చూడకుండానే వేలికి తగులుతుందని. నాన్న మూడు రోజులుగా స్టార్ట్ చేయగానే చూపుడు వేలు అక్కడికే పోతోంది. ఇన్నాళ్లూ నాకు రాని ఆలోచన.

లలిత, వైజాగ్
మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. నేనూ ఈరోజే అంటిస్తాను. మాకు స్పోర్ట్ బటన్ విడిగా ఉంది, దాని మీద. చీకట్లో పొరపాటున తగిలినా తెలుస్తుంది.

శ్రీకర్, కూకట్‌పల్లి
రెండు వారాల తర్వాత రాస్తున్నాను. మాడ్యూల్ వచ్చింది. తెలిసిన ఎలక్ట్రీషియన్ దగ్గర నేనే కూర్చుని పెట్టించాను. గేర్ కన్సోల్ పైమూత తీస్తే బటన్ కప్లర్ కనిపిస్తుంది, కింద తెల్లది. టక్కున ఊడింది, టక్కున కూర్చుంది. ఒక్క వైరూ తెంపలేదు. కరెంటు ఇగ్నిషన్ ఫ్యూజ్ దగ్గర నుంచి. స్టార్ట్ అయ్యాక మూడు సెకన్లకి రెండు నొక్కులు అని పెట్టాం.

రెండు రోజులు బ్రహ్మాండంగా ఉంది. మూడో రోజు నాన్న ఫ్లైఓవర్ ఎక్కుతుంటే బండి లాగడం లేదని ఫోన్ చేశారు. వెళ్లి చూస్తే ఎకోలో ఉంది. చాలాసేపు అర్థం కాలేదు. పక్కన కూర్చుని మళ్లీ స్టార్ట్ చేయమన్నాను. స్టార్ట్ చేయగానే ఆయన వేలు తనంతట తనే బొట్టు మీదికి వెళ్లింది, ఒకసారి నొక్కింది. ఆ వెంటనే మాడ్యూల్ తన రెండూ నొక్కింది. మొత్తం మూడు.

బాషా, ఆటోనగర్, విజయవాడ
లెక్కపెట్టి నొక్కే మాడ్యూల్‌కి ఇదే బలహీనత. అది ఇప్పుడు ఏ మోడ్‌లో ఉందో చూడదు, ఎన్నిసార్లు నొక్కాలో అంతే తెలుసు. నీ దాంట్లో ‘చేతితో నొక్కితే ఆగిపో’ అనే సెట్టింగ్ ఉండాలి, చూడు. అది పెడితే, మొదటి కొన్ని సెకన్లలో నాన్న ముట్టుకున్నారంటే ఆ స్టార్ట్‌కి మాడ్యూల్ ఊరుకుంటుంది. ఆ మూడు సెకన్లని ఆరు చెయ్యి. స్టార్ట్ అవగానే కంప్యూటర్లన్నీ ఒకేసారి లేస్తుంటాయి, తొందరపడితే ఒక నొక్కుడు వినిపించకుండా పోవచ్చు.

శ్రీకర్, కూకట్‌పల్లి
సెట్టింగ్ ఉంది, పెట్టాను. ఆరు సెకన్లు చేశాను. అమ్మ బొట్టు తీసేసింది. రమేష్ గారూ, చేతికి అలవాటవుతుందని మీరన్న మాట మాత్రం నిజం, ఆ అలవాటు పోవడానికి ఇంకో వారం పట్టింది.

రమేష్, నల్గొండ
సంతోషం శ్రీకర్. ముందు నేను తేలిగ్గా మాట్లాడాను, మనసులో పెట్టుకోకండి. మా నాన్న ఉంటే నేనూ ఇదే చేసేవాణ్ణి.

శ్రీకర్, కూకట్‌పల్లి
మూడు నెలల తర్వాత. ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

నిన్న బండి సర్వీసుకి ఇచ్చాం. ఏదో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తూ మాడ్యూల్ ఊడదీసి, పాత కప్లర్ కలిపేసి, మాడ్యూల్‌ని కవర్లో చుట్టి డాష్‌బోర్డు సొరుగులో పెట్టారు. మాకు చెప్పలేదు. బండి తేవడానికి నాన్న ఒక్కరే వెళ్లారు, నేను ఆఫీసులో ఉన్నాను. సర్వీస్ సెంటర్ ఆవరణలోనే మొదటి మలుపు తిప్పగానే తెలిసిందట. స్క్రీన్ చూడలేదు, చేతికే తెలిసింది. పక్కకి ఆపి, ఇంజన్ ఆపి, సొరుగు తెరిచి, కన్సోల్ మూత లేపి, తెల్ల కప్లర్ ఊడదీసి మాడ్యూల్ మధ్యలో కూర్చోబెట్టారు. స్టార్ట్ చేసి ఆరు సెకన్లు ఆగి, నిలబడిన చోటే స్టీరింగ్ ఆ చివరికీ ఈ చివరికీ తిప్పి చూసుకున్నారు. అప్‌డేట్ తర్వాత కూడా మోడ్‌ల వరస మారలేదు, రెండు నొక్కులే సరిపోయాయి.

రాత్రి నేను ఇంటికొచ్చి సర్వీస్ బిల్లు చూస్తుంటే అప్పుడు చెప్పారు, అన్నం తింటూ.